హెరాల్డ్‌ని దేవుడికిచ్చిన ఏడు

నాలుగు కార్లున్న ఇంటి ఇల్లాలిని నేను. పాఠాలు చెప్పే బడికి మాత్రం షేర్ ఆటోలో, జనం మధ్య ఇరుక్కుని వెళ్లేదాన్ని. గజపతినగరంలో ఈ సంగతి తెలిసి నవ్వనివాళ్లు లేరు. మా ఆయన కూడా నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా ఆయన కరెంటాఫీసులో పని చేసేవారు. ఎవరి పిచ్చి వాళ్లకానందం, కాదనను. పక్కింటాయన పావురాల్ని పెంచేవాడు. ఈయనకి పాత కార్లు. కొన్నాను అనరు, రక్షించాను అంటారు. ఎవరి పెరట్లోనైనా కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న కారొకటి కంటపడితే చాలు, వెళ్లి దాని రేకు నిమిరేవారు. "పాపమే, ఇంకో రెండు వానలు పడితే పోతాదే ఇది" అనేవారు. ప్రభువు మనుషుల్ని రక్షిస్తే ఈయన బండ్లని రక్షిస్తాడని మా చర్చి ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవారు. రక్షించడం సరే, భరించేదెవరని నేనడిగేదాన్ని.

మొదటిది అంబాసిడర్. కళింగపట్నంలో ఓ చేపల వ్యాపారి దగ్గర దొరికింది. ఆ మహానుభావుడు దాన్లో ఎన్నేళ్లు ఎండుచేపలు మోశాడో తెలియదు. కాళ్ల కింద రేకుని ఉప్పు తినేసి, ముందు సీట్లో కూర్చుంటే పాదాల సందులోంచి రోడ్డు కనిపించేది. రేకు మార్పించారు. వాసనెవరు మారుస్తారు? ఫినాయిలు పోశాం, చింతపండు పులిమి తోమాం, కాఫీపొడి మూటలు కట్టి సీట్ల కింద పెట్టాం. ఎండెక్కగానే నెత్తళ్లన్నీ మళ్లీ లేచి కూర్చునేవి. మా వీధి పిల్లులు దాని చుట్టూ కాపలా ఉండేవి. నాలుగింట్లో నడిచేది అదొక్కటే, అదీ దానికి బుద్ధి పుడితే.

రెండోది పద్మిని. తోస్తే ఎప్పటికైనా స్టార్టవుతుందని దాన్ని వాలులో పెట్టి, చక్రం కింద రాయి ఉంచేవారు. ఆ రాయి నా సన్నికల్లు పొత్రం. అల్లం పచ్చడి చెయ్యాలంటే ముందు పద్మిని చక్రానికి ఇంకో రాయి వెతకాలి. మూడోది జీపు. శ్రీకూర్మం అవతల జీడితోటలోంచి తాళ్లు కట్టి లాక్కొచ్చారు. బానెట్టు ఎత్తితే లోపల ఇంజనే లేదు. "ఇంజనేదండీ?" అంటే "దొరుకుతాదిలేవే" అన్నారు, ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయిన కళ్లజోడు గురించి చెప్పినట్టు.

నాలుగోది హెరాల్డ్. రెండు తలుపుల చిన్న కారు. ఒకప్పుడు నీలం రంగట, మాకొచ్చేసరికి ఏ రంగో చెప్పలేం. ఇంజనుంది, తిరగదు. వెనక సీటు లేదు. ఈ గొడవకి ముందు ఏడాది వచ్చిన పెద్ద తుఫానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయాక బండ్లన్నీ దొడ్లో ఇటూ అటూ సర్దారు. ఇంకెక్కడా చోటు చాలక హెరాల్డ్‌ని మా కింద గది తలుపుకి అడ్డంగా పెట్టారు. తలుపు తీస్తే జానెడు తెరుచుకుని బండికి తగిలి ఆగిపోయేది. ఆయన ఆ జానెడు సందులోంచి ఒడుపుగా లోపలికి దూరేవారు. నేను దూరలేను.

ఆ గది మేం చుట్టాల కోసం కట్టించుకున్నది. పోనుపోను అందులో గేరుబాక్సులు, డైనమోలు, సైలెన్సర్లు, ఏ బండివో తెలియని తలుపులు చేరాయి. మంచం మీద రెండు రేడియేటర్లు దుప్పటి కప్పుకుని పడుకునేవి. ఆ దుప్పటి నా పెళ్లికి మా అప్ప పెట్టింది.

అప్పంటే మా సొంత అక్క. అమ్మ పోయాక నాకు జడలు వేసిందీ, టీచరు ట్రైనింగు చదివించిందీ తనే. తను పెళ్లి చేసుకోలేదు. విజయనగరంలో ఆసుపత్రి నర్సుగా చేసి రిటైరయ్యాక అక్కడే ఓ మేడ మీద అద్దెకుండేది. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, వేసవి సెలవుల్లో, చెప్పకుండా చూడబోయాను. వీధిలోంచి తలెత్తి చూస్తే అప్ప మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి దిగుతోంది. ఒళ్లో ఖాళీ పాలగిన్నె. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. "మెట్లు తుడుస్తన్నానే" అంది.

మోకాళ్లు పట్టేశాయి. ఎంతమంది రోగుల్ని చెయ్యిపట్టి లేపి నడిపించిందో ఆ మనిషి. ఆ రోజు తను పెట్టిన అన్నం నాకు గొంతు దిగలేదు. ఏదో ఒకనాడు ఆ మెట్ల మీంచి పడిపోతుంది, ఎవరో చూసేదాకా అలాగే పడుంటుంది. అదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది. మా కింద గదికి ఒక్క మెట్టు కూడా లేదు.

కానీ అప్పుడే రమ్మని అడగలేదు. మా అప్ప సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో ఖాళీ లేదని తెలిస్తే "నాకేటే, బాగానే ఉన్నాను" అంటుంది, ఒకసారి ఆ మాట అన్నాక ఇంక ఎవరు చెప్పినా కదలదు. గది కడిగి, సున్నం వేసి, మంచం మీద పక్క పరిచి, అప్పుడు చెబుదామనుకున్నాను. మా ఆయనకి కూడా గది ఎందుకో చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ నిమిషంలోనే వదినకి ఫోన్ చేసి అంతా వాగేస్తారు.

"ఆ గది ఖాళీ చెయ్యండి" అన్నాను.

"అలాగేనే. పద్మిని పని అయిపోనీ."

పద్మిని పని అవలేదు. వానలు వెళ్లనీ అన్నారు, వెళ్లాయి. జీపుకి ఇంజన్ రానీ అన్నారు, అది ఇవాళ్టికీ రాలేదు. పాత కార్లవాళ్ల వాట్సాప్ గ్రూపొకటి ఉండేది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హెరాల్డ్‌కి నాలుగువైపులా ఫోటోలు తీసి దాన్లో పెట్టేవారు. ఎవరో ముఖం తెలియని మనిషి "సూపర్ సార్" అని రాసేవాడు. ఈయన ఆ రోజంతా సంతోషంగా ఉండేవారు. ఆ సూపర్ సార్ వచ్చి ఈ గది తలుపు తీస్తాడా అని అడిగాను. "నీకు బండి విలువ తెలీదే" అన్నారు. అప్పటికి చలికాలం వచ్చేసింది. చలికి మోకాళ్లు ఇంకా బిగిసిపోతాయి. నా ఓపిక అయిపోయింది.

మా చర్చిలో కోత పండుగ ఆ రోజుల్లోనే వస్తుంది. కొత్త ధాన్యం ఇంటికి చేరాక, ఎవరికున్నది వాళ్లు దేవుడికి తెస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు. ఆరాధనయ్యాక చర్చి ముందు వాటిని వేలం పాడతారు. పాడుకున్నవాళ్లు డబ్బిచ్చి, కావాలంటే వస్తువు ఇంటికి తీసుకెళ్తారు, లేదంటే "దేవుడికే" అని మళ్లీ బల్ల మీద పెట్టేస్తారు. పెట్టేస్తే మళ్లీ పాట మొదలు. ఒకే కోడి అలా చేతులు మారీ మారీ మధ్యాహ్నానికి అరవడానికి కూడా ఓపిక లేకుండా అయిపోయేది. ఇంకో రెండు పద్ధతులున్నాయి. ఇచ్చినవాళ్లు అందరి ముందూ నిలబడి దేనికి కృతజ్ఞతో నోటితో చెప్పాలి. మొదటి పాట కూడా ఇచ్చిన ఇంటివాళ్లే పాడాలి. తెచ్చిన వస్తువు ఎవరూ అడగక చిన్నబోకూడదని పూర్వం పెద్దలు అలా పెట్టారు. ఇవన్నీ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. కోపంలో ఉన్నదానికి ఏం గుర్తుంటాయి? ఒక్కటే ఆలోచించాను. ముందు బండి పోతే తలుపు తెరుచుకుంటుంది. తలుపు తెరుచుకుంటే గదిలో సామాను సంగతి నేను చూసుకుంటాను. దేవుడికిచ్చిన దాన్ని వెనక్కి తెమ్మని మా ఆయన కూడా అనలేరు.

పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, ఈ ఏడు మేం కారిస్తామని చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "నడుస్తాదామ్మా?" అన్నారు.

"తోస్తే నడుస్తుందండీ" అన్నాను. అబద్ధమేమీ కాదు. చక్రాలున్న ఏదైనా తోస్తే నడుస్తుంది.

పండుగ ముందురోజు, శనివారం, మా ఆయన అంబాసిడర్‌కి ఏదో సామాను కావాలని కళింగపట్నం వెళ్లారు. బస్సులోనే వెళ్లారు, కారులో కాదు. ఆ పూట చర్చి కుర్రాళ్లు వచ్చి హెరాల్డ్‌ని వీధి చివర చర్చిదాకా తోసుకుపోయారు. వెళ్లగానే గది తలుపు లాగాను. బార్లా తెరుచుకుంది. గ్రీజు వాసన గుప్పుమంది. అక్కడే నిలబడి మంచం ఎటు తిప్పాలి, అప్ప కుర్చీ ఎక్కడ వెయ్యాలి అని లెక్కలు వేసుకున్నాను. ఇన్నాళ్లకి నాకూ ఓ పని చేతనయిందని గర్వంగా కూడా అనిపించింది.

సాయంత్రం ఆయన వచ్చి దొడ్లో ఖాళీ జాగా చూసి నిలబడిపోయారు.

"హెరాల్డేదే?"

"దేవుడి దగ్గరుంది."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. చాలాసేపు ఆ జాగా చుట్టూ తిరిగారు. తర్వాత గుమ్మంలోకొచ్చి మెల్లిగా, "కార్బ్యురేటర్ లేని బండి దేవుడికెందుకే?" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఆదివారం ఆటో మాట్లాడి అప్పని పిలిపించాను. ఏటా వస్తుంది మా కోత పండక్కి. మోకాళ్ల కోసం ముందు వరసలో కుర్చీ వేశారు. చర్చి ముందు హెరాల్డ్ బంతిపూల దండ వేసుకుని, బానెట్టు మీద గుమ్మడికాయతో కూర్చుంది. మా పెళ్లిలో మా ఆయన కూడా అంత బాగా లేరు. పాస్టరుగారు పిలిచారు. ముందుకెళ్లి నిలబడ్డాను. "దేనికి కృతజ్ఞతమ్మా?" అన్నారు.

ఏదో ఒకటి అనేసి వచ్చెయ్యొచ్చు. ఆరోగ్యం బాగున్నందుకు అనొచ్చు, బడిపిల్లలు పాసైనందుకు అనొచ్చు. అక్కడ నిలబడ్డాక నోట అబద్ధం రాలేదు. ఎదురుగా అప్ప కర్ర రెండు చేతులతో పట్టుకుని నన్నే చూస్తోంది. "మా అప్ప ఇంక మా ఇంటికి వచ్చేస్తున్నందుకు" అన్నాను. సంఘమంతా స్తోత్రం అంది. మగవాళ్ల వైపు మా ఆయన తల గిరుక్కున తిరగడం కనిపించింది. అప్ప వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

వేలంపాట మొదలయింది. సంఘపెద్ద హెరాల్డ్ మీద చెయ్యి వేసి, "ఇచ్చినింటోళ్లు మొదలెట్టాల" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన చెయ్యెత్తి పాడేశారు. ఆ తర్వాత ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. పెద్ద రెండోసారి పిలిచాడు, మూడోసారి పిలిచాడు. అందరూ గుమ్మడికాయ వైపు చూస్తున్నారు. నా పక్కనున్నావిడని మోచేత్తో పొడిచాను, పాడమని. "సహోదరుడి మనసు దాని మీదున్నాది కదమ్మా, మనం పాడతామేటి, తప్పు" అంది. సరే, ఇప్పుడైనా "దేవుడికే" అంటారేమో అని ఆయన వైపే చూశాను. అది అందరూ అనే మాట, కోడి పాడుకున్నవాళ్లు కూడా అనే మాట. ఈయన అనలేదు. బానెట్టు మీద గుమ్మడికాయ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కుర్రాళ్లతో "తొయ్యండ్రా" అన్నారు.

అది చాలదన్నట్టు పాస్టరుగారు లేచి, ఇలాంటి భక్తి గల కుటుంబం చేతిలో ఉంటే బాగుపడుతుందని, మూల పడున్న సంఘం పాత వ్యాను కూడా మాకే అప్పగించారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నాలుగు ఐదయ్యాయి.

అప్ప భోజనానికి ఉండలేదు. కోత పండుగ భోజనం ఏనాడూ మానని మనిషి, "తలనొప్పిగా ఉన్నాదే, ఎల్తాను" అని, నా వైపు చూడకుండా ఆటో ఎక్కేసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. పలకరించేవాళ్లు లేరు. దొడ్లోంచి మాత్రం ఇనుప చప్పుళ్లు వస్తున్నాయి. ఏ బండి విప్పుతున్నారో, ఈ రోజు కూడానా, అని చీపురు పట్టుకునే వెళ్లాను. హెరాల్డ్ తలుపు ముందు లేదు. ప్రహరీగోడ పక్కన ఉంది. మా ఆయన బనీనుతో, గదిలోంచి గేరుబాక్సు మోసుకొచ్చి దాని లోపలికి దించుతున్నారు. వెనక సీటు ఉండాల్సిన చోట అప్పటికే సైలెన్సర్లు పేర్చి ఉన్నాయి.

"ఏటండీ ఇది?"

"బండిని పంపీసినావు, బాగానే ఉన్నాది. గదిలో ఇదంతా ఎక్కడెట్టాలనుకున్నావే? వానలో పడెయ్యాలా?" అన్నారు. "దీనికెలాగూ ఎనక సీటు నేదు. అన్నీ పడతాయి. అందుకే పాడుకున్నాను."

చీపురు గోడకి ఆనించాను.

"వదినొస్తాదని నాకు ముందే సెప్పొచ్చు కదే" అన్నారు మళ్లీ.

"మీకు చెప్తే ఊరంతా తెలిసిపోతాదని చెప్పలేదు."

"ఇప్పుడు తెలీనేదేటి?"

నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలేదు. వేసవి నుంచి చలికాలందాకా కుదరని పని ఒక్క మధ్యాహ్నంలో కుదిరిందంటే, ఇన్నాళ్లూ ఏం చేశారు ఈయన? ఆ ముక్కే అడిగాను. డైనమో ఇలా అందుకోమన్నారు. అందుకున్నాను.

గదికి సున్నం వేయించాం. గ్రీజు వాసన సున్నానికి లొంగలేదు. అప్ప ఫోన్ ఎత్తడం మానేసింది. ఇంక వెళ్లి తీసుకురావడమే అన్నారు మా ఆయన. ఆటో మాట్లాడతానన్నాను. "ఐదు బండ్లెట్టుకుని వదినని ఆటోలో తెస్తామేటే?" అన్నారు. ఐదింట్లో నడిచేది ఎండుచేపలదేనని గుర్తుచేశాను. ఆయన వినలేదు.

వెళ్లేటప్పుడు అంబాసిడర్ బుద్ధిగానే ఉంది. మమ్మల్ని చూసి అప్ప తలుపు తీసి పక్కకి తప్పుకుంది. మా ఆయన "క్రిస్మస్‌కి రండి వదినా" అన్నారు, అంతే. ఒక్క చేతిసంచీ సర్దుకుంది. ఒక్కటే సంచీ. ట్రంకుపెట్టె ముట్టుకోలేదు. మెట్ల దగ్గర కూర్చుని జరగబోతుంటే, మా ఆయన ఆవిడ కింది మెట్టు మీద తనూ కూర్చున్నారు. అంబాసిడర్ రేకు ఎలా మార్పించారో చెబుతూ, ముందు తను ఒక మెట్టు, వెనక ఆవిడ ఒక మెట్టు, అలా కింది దాకా వచ్చారు. ఆ కథ నేను వందసార్లు విన్నాను. ఆ రోజు మాత్రం ఆపమనలేదు.

గజపతినగరం సంత దగ్గరకొచ్చేసరికి బండి దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. సంత రోజు. వంకాయల గంపలు, మేకలు, ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆయన బానెట్టెత్తి చూసి, "తోసేద్దామే, దగ్గరే కదా" అన్నారు. "వదినా, మీరిలా జరిగి స్టీరింగు పట్టుకోండి." అప్ప డ్రైవరు సీట్లోకి జరిగి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. నేను కొంగు దోపుకుని వెనకనుంచి తోశాను. మా బడిపిల్లల తల్లులు చూస్తున్నారు. "ఏటి టీచరమ్మా, పెట్రోలయిపోనాదేటి?" అని ఒకావిడ అడిగింది. నా ఓపిక అయిపోయిందని చెప్పాను.

చెమటలు కక్కుకుంటూ మా గేటు దాకా తోశాం. అక్కడ బండి టక్కున ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు. ముందుకెళ్లి చూస్తే అప్ప చేతి బ్రేకు లాగి పట్టుకుని కూర్చుంది.

"అప్పా, బ్రేకు వదులు."

"వదల్ను" అంది. నా ముఖం చూడలేదు. "దేవుడికి సెప్పావు. సంఘానికి సెప్పావు. పాస్టరుగారు నాకు పోన్ సేసి మరీ మంచిదమ్మా అన్నారు. నన్నెవరడిగారే?"

"అడిగితే రానంటావని."

"అంటానేమో. అడిగితేనే కదా అనేది. గుమ్మడికాయనైనా ఎవురికి కావాలో అడిగి పాడతారు. నన్ను అడక్కుండానే ఇచ్చీసినావు."

నాకు చేతుల నిండా గ్రీజు, ఒళ్లంతా ఎండుచేపల వాసన, ఎదురింటి అరుగు మీద జనం. ఇదా సమయం, ఇదా చోటు అని గట్టిగా అరవాలనిపించింది. అరిచాననే అనుకున్నాను. తీరా గొంతులోంచి వచ్చింది వేరు. "మా ఇంటికొచ్చెయ్ అప్పా. నువ్వు మెట్ల మీద కూర్చుని దిగడం చూసిన కాణ్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇక్కడ మెట్లు లేవు. వస్తావా?"

అప్ప కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఆ ఒక్కసారి నోరు మూసుకుని వెనకే నిలబడ్డారు.

"గదిలో కూడా ఈ సేపల కంపేనా?" అంది చివరికి.

"కాదు. గ్రీజు వాసన."

"అయితే నయమే" అని బ్రేకు వదిలింది.

గది తలుపు తీశాను, గోడదాకా తెరుచుకుంది. అప్ప కర్ర పట్టుకుని లోపలికొచ్చింది, మంచం మీద కూర్చుంది, పరిచిన దుప్పటి చేత్తో తడిమింది. నేను రెండుసార్లు ఉతికినా దాని మీద నల్లటి మచ్చలు అలాగే ఉన్నాయి.

"ఇది నేనెట్టిందే కదే. ఇలాగయిపోనాదేటి?"

"దాని కింద రేడియేటర్లు పడుకునేవి అప్పా."

నా వైపు చూసింది, గుమ్మంలో నిలబడ్డ మా ఆయన వైపు చూసింది. సంచీ మంచం కిందికి తోసేసింది.

"ట్రంకుపెట్టిలో మంచి సబ్బున్నాది" అంది. "రేపు ఎల్లి ఆ పెట్టి తెచ్చీండి."